రెక్క మీది బరువు

పోయిన వారం నా తమ్ముడు ఆనందబాబునీ, మొగలిపాళెం పెద్ద ముత్యాలయ్యనీ విమానం పక్కన ఎదురెదురుగా నిలబెట్టి వదిలేసినాను. వాళ్ళింకా అట్టనే నిలబడి ఉండారు. ఎండ ఒక్కటే కాస్త ముదిరింది.

ఈ వారమే చదవను కూర్చున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాల. పాతవాళ్ళు కాస్త ఓర్చుకోండి. నేను పరంజ్యోతిని. పుట్టింది కొడవలూరులో, పంతులమ్మగా పని చేసింది పులికాట్ సరస్సు ఒడ్డున మొగలిపాళెం మిషన్ బడిలో. చైనా యుద్ధం అయినాక రెండో ఎండాకాలం అది. ముందురోజు మధ్యాహ్నం మన వాయుసేన జెట్ విమానం ఒకటి, సముద్రం మీద తుపాకులు కాల్చే అభ్యాసానికి పోతా పోతా, ఇంజను ఆగిపోయి మా పాళెం ముందర ఎండిన సరస్సు నేల మీద దిగింది. పైలట్‌కి భుజం విరిగితే ఎడ్లబండిలో రోడ్డు దాకా చేర్చి నెల్లూరు ఆస్పత్రికి పంపినాం. విమానం మాత్రం మూడు చక్రాల మీద చక్కగా నిలబడింది. కాకపోతే ఎడమ చక్రం నేల మీది ఉప్పు పొర పగలగొట్టుకోని బురదలోకి దిగిపోయింది. ముక్కు సూటిగా పాళెం వైపు తిరిగి ఉంది.

ఆ విమానం దిగింది తన గొప్పేనని ముత్యాలయ్య అప్పటికే పాళెమంతా చాటుకున్నాడు. నీళ్ళ మీద పోయే పడవకి ఒడ్డు మీంచి తలగుడ్డ ఊపితే 'నేరుగా నా దగ్గరికి రా' అని అర్థం, ఇది మా పాళెంలో పసిబిడ్డకి కూడా తెలుసు. విమానం తల మీద తూలతా తిరగతా ఉంటే ఈయన తలగుడ్డ తీసి ఊపినాడంట. "నా గుడ్డ చూసే దిగినాడు, లేకుంటే సముద్రంలో పడేవాడు" అని ఆ రోజంతా మీసం దువ్వుకున్నాడు. పైలట్‌ని అడుగుదామంటే ఆయన మూలుగుతుండాడు, నేనెందుకు కాదనాల?

పొద్దున్నే వాయుసేన జీపు వచ్చింది. అందులోంచి దిగింది ఎవరనుకున్నారు, నా తమ్ముడు! విమానాల తుపాకులు చూసే కార్పొరల్ వాడు. మా నాయన క్రీస్తుదాసు వాణ్ణి పాస్టరు చెయ్యాలని ఎంత తాపత్రయపడినాడో, వాడు అంత పంతంగా మందుగుండు పట్టినాడు. ఆఫీసరుగారు విమానాన్ని చూసి, వీడికి అప్పజెప్పి, క్రేను కోసం ఫోను చెయ్యను నాయుడుపేటకి జీపు తిప్పినాడు. ఆయన అటు పోయినాడో లేదో, ముత్యాలయ్య పాళెంలో మిగిలున్న మగవాళ్ళందరినీ వెంటేసుకోని, పడవలు మోసే దుంగలు భుజానేసుకోని దిగినాడు. క్రేను దాకా ఎందుకు, మేము ఎత్తి గట్టున పెడతాం అని. దానికి నా తమ్ముడు చెప్పిన మాట ఒకటే.

"ఎవురూ దీన్ని ఎత్తేదానికి లేదు."

అక్కడ ఆపినాను పోయిన వారం.

"ఎందుకెత్తకూడదంట?" అన్నాడు ముత్యాలయ్య. గొంతు పెద్దది చెయ్యలేదు. ఆయన గొంతు తగ్గించినాడంటేనే భయపడాల. "మా భుజాలు చూడు అబ్బయా. ఈ కాయలు ఊరికే కాసినవి కాదు. తుపానుకి కొట్టుకొచ్చిన పడవల్ని గట్టెక్కించినాం. మీ విమానం ఏమన్నా బంగారమా, తాకితే మాసిపోను?"

"భుజాల మాట కాదు పెదనాయనా."

"మరి దేని మాట? ఇయ్యాల పున్నమి. పొద్దు నడినెత్తికి వచ్చేలోపల పోటు నీళ్ళు ఈడికి వస్తాయి. నీ క్రేను ఈ బురదలోకి వస్తే అదీ దిగబడుతుంది. అప్పుడు రెండిటికీ కలిపి మమ్మల్నే పిలుస్తారు."

మగవాళ్ళు నవ్వినారు. ముత్యాలయ్య పెండ్లాం మస్తానమ్మ ఆడవాళ్ళ గుంపులోంచి ముందుకొచ్చింది. ఆమె సంగతి మీకు తెలియాల. చైనావాడు మీద పడ్డప్పుడు విమానాలు కొనాలని నెల్లూరు నుంచి చందాలకొచ్చినవాళ్ళకి చెవుల కమ్మలు తీసి ఇచ్చింది. ఇచ్చి ఊరుకుందా? నిన్నటినుంచీ విమానం చుట్టూ తిరిగి చూస్తా ఉంది.

"అది సరే గాని నాయనా, నా కమ్మలు ఇందులో ఏ మూల ఏసినారో అది చెప్పు ముందు" అంది. "ఈ కంటికి ఎక్కడా ఆనలేదు."

"లోపల ఉండాయి పెద్దమ్మా" అన్నాడు తమ్ముడు. నవ్వేందుకు చూసినాడు గాని మొహం సహకరించలేదు. అప్పుడు నాకు గుబులు పుట్టింది. వాడు పసితనంలో పాముని తొక్కినప్పుడు కూడా ఇట్టనే నవ్వబోయినాడు.

"ఆనందూ, దాచకు" అన్నాను. "వీళ్ళ ఊరు ఇది. ఏముందో చెప్పు."

వాడు నన్నూ, ముత్యాలయ్యనీ, మస్తానమ్మనీ ఎడమ చక్రం దగ్గరికి తీసకపోయినాడు. ముక్కు ముందరగా పోనీకుండా, తోక మీదుగా చుట్టు తిప్పి తీసకపోయినాడు. చక్రం కనపడలేదు. విమానం ఎడమ కాలు ఒకటే, లావుపాటి ఇనప కాలు, బురదలోంచి పైకి లేచి రెక్కలోకి పోయింది.

"పెదనాయనా, దీని తుపాకులు గాల్లో ఉండేటప్పుడే పేలాల, నేల మీద పేలకూడదు. అందుకని ఈ కాలికి ఒక చిన్న స్విచ్చి పెట్టుంటారు. అదిగో, బురదకి జానెడు పైన, చూడండి. కాలి మీద బరువు పడి కుంగినంతసేపూ అది తుపాకులకి కరెంటు పోనియ్యదు. బరువు తీసేస్తే కాలు సాగుతుంది. కాలు సాగితే, నేను ఎగిరినాను అనుకుంటుంది విమానం."

"అనుకోనీ. అనుకుంటే పేలుతుందా?" అన్నాడు ముత్యాలయ్య.

"మామూలుగా అయితే పేలదు. పైలట్ మీట నొక్కాల. కానీ దిగేటప్పటి కుదుపుకి ఆ మీట విరిగి, లోపల తీగలు ఒకదానికొకటి కరుచుకోనుండాయి. ఇప్పుడే ఎక్కి చూసినాను. ఎవురో మీట నొక్కి పట్టుకోని కూర్చున్నట్టే లెక్క. ఇంక తుపాకుల్ని ఆపతా ఉండేది ఈ స్విచ్చి ఒక్కటే. మీరు భుజాలేసి ఎత్తినారనుకోండి..."

చెప్పలేక ముక్కు వైపు చూసినాడు. మేమూ చూసినాం. ముక్కు కింద వరసగా తుపాకుల నోళ్ళు, వాటికి ఎదురుగా మా పాళెం. తాటాకు కప్పులు, ఎండు చేపల పందిళ్ళు, ఆ ఎండకి నిప్పు చూపిస్తే చాలు అన్నట్టు ఉండాయి. పైగా ఆ గుండ్లు తగిలినచోట పగిలి మంట లేపే రకం అని వాడు మెల్లిగా నా చెవిన వేసినాడు.

మస్తానమ్మ ఆ ఇనప కాలు వైపు వంగి చూసింది.

"ఒళ్ళో బిడ్డ లాగా అన్నమాట" అంది. "ఒళ్ళో ఉన్నంతసేపూ నిద్రపోతాది. ఎత్తినామా, లేసి కూర్చుంటాది."

"అంతే పెద్దమ్మా" అన్నాడు తమ్ముడు. ఊపిరి పీల్చుకున్నాడు పాపం, తన పైవాళ్ళకి చెప్పినా ఇంత త్వరగా అర్థమయి ఉండదు.

"నిద్రపుచ్చేదానికి మందేం లేదా?"

వాడు జేబులోంచి ఒక ఇనప చీల తీసినాడు. దానికి ఎర్రగుడ్డ కట్టి ఉంది. "ఇదే మందు. విమానం దిగంగానే ఇది కాలికి గుచ్చుతాం. గుచ్చినాక ఎత్తుకో, దించుకో, ఏం కాదు. గుచ్చే బెజ్జం ఈ కాలికే ఉంది, బురద లోపల. బ్యాటరీ తీసే తలుపు కూడా ఈ పక్కనే కడుపు కింద, అదీ బురదలోనే. బురద తవ్వితే చక్రం కింద పట్టు పోయి కాలు సాగుతుంది. చెయ్యి పెట్టి తడుముకోవాల, నిదానంగా."

"అయితే తడుముకో. మేము ఊరకుంటాం, క్రేను రానీ" అన్నాడు ముత్యాలయ్య. ఇంతకు ముందు మాటలో ఉన్న పొగరు కాస్త తగ్గింది.

"పోటు వస్తుందని మీరేగదా అన్నారు. ఉప్పునీళ్ళలో కరెంటు పారుతుంది పెదనాయనా. నీళ్ళు ఆ స్విచ్చిని ముంచినాయంటే, ఎత్తినా ఒకటే, ఎత్తకపోయినా ఒకటే."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ప్రభువా, ఈ మనుషులు ఏం పాపం చేసినారు అనుకున్నాను. పైలట్‌ని తెప్ప మీద పడుకోబెట్టి ఎడ్లబండి దాకా మోసినవాళ్ళు వీళ్ళు.

"ఊరు ఖాళీ చెయ్యండి" అన్నాడు తమ్ముడు. "ముసలీ ముతకా, పిల్లల్ని ముందు. సముద్రం వైపు ఇసక దిబ్బల వెనక్కి పంపించండి."

"మనుషుల్ని పంపుతాం" అన్నాడు ముత్యాలయ్య. "ఇళ్ళని యాడికి పంపేది? వలల్ని, పడవల్ని, నెలలు కష్టపడి ఎండబెట్టిన చేపని? ఇది కాలిపోతే మళ్ళా మొగలిపాళెం అనేది ఉండదు అబ్బయా. తలా ఒక దిక్కు కూలికి పోతారు."

మాట నిజం. వాయుసేన ఇంకో విమానం తెచ్చుకోగలదు. పాళెం ఇంకో పాళెం తెచ్చుకోలేదు.

పిల్లల్నీ ముసలివాళ్ళనీ దిబ్బల వెనక్కి తోలినాం. అప్పుడు ముత్యాలయ్య విమానం పక్కన అటూ ఇటూ తిరిగి, నిలబడి, ఉమ్మి ఊసి అన్నాడు, "నాకు నిన్నటినుంచీ ఒకటే మంట. దీని ముక్కు ఊరి వైపు ఉండటమేంది? పడవ ముక్కు ఊరికేసి పెట్టి పడుకునేది మా ఇంటా వంటా లేదు. గట్టు మీదున్నా సరే, పడవ నీళ్ళనే చూడాల. నిన్నే తిప్పుదామన్నాను, ఎవురూ వినలా. ఎత్తకుండా తిప్పగూడదా అబ్బయా? తోకకి మోకులు కట్టి చుట్టు తిప్పుతాం. ముక్కు నీళ్ళకేసి పెట్టేస్తే, పేలనీ, నీళ్ళలోనే గదా పేలేది!"

నా తమ్ముడు తల ఎత్తినాడు. వాడి మొహంలో వెలుగు నేను చూసినాను.

"తిప్పొచ్చు" అన్నాడు. "తిప్పినాక నేను బెజ్జం తడుముకుంటాను. అప్పటిదాకా ముక్కు ముందరకి ఎవురూ రాకూడదు. కానీ పెదనాయనా, తోక లాగితే విమానం కుడికి ఒరుగుతుంది, ఎడమ కాలు తేలుతుంది. తేలకుండా ఈ రెక్క మీద బరువుండాల. బాగా బరువుండాల."

"ఇసక తట్టలు పెట్టిస్తాం."

"రెక్క వాలుగా ఉంది, తిరిగేటప్పుడు జారిపోతాయి. మనుషులైతే పట్టుకోని కూర్చుంటారు."

ముత్యాలయ్య తన మగవాళ్ళని చూసుకున్నాడు. సరస్సు మీదికి వేటకి పోయినవాళ్ళు పోంగా మిగిలినవాళ్ళే. అందరూ మోకులు పట్టినా చాలీ చాలని జనం. ఒక్కణ్ణి రెక్క మీద కూర్చోబెట్టినా తోక కదలదు.

"మేమెక్కుతాం" అంది మస్తానమ్మ.

నేను చెప్పాలిగదా, మొగలిపాళెంలో ఆడది పడవ ఎక్కదు. చేప అమ్ముతుంది, వల అల్లుతుంది, పడవకి పసుపు రాస్తుంది, కాలు మాత్రం పెట్టదు. పెడితే గంగమ్మ తల్లి కోపగించుకుంటుందని. నేను వచ్చిన కొత్తలో తెలియక ఒక తెప్ప మీద కూర్చుంటే, ఆ తెప్పని కడిగి, టెంకాయ కొట్టి, అప్పుడు నీళ్ళలోకి దించినారు. ముత్యాలయ్య నాతో నెల రోజులు మాట్లాడలేదు.

"నోరు ముయ్యి" అన్నాడు ముత్యాలయ్య.

"ఎందుకు ముయ్యాల? ఇది పడవా?"

"నీళ్ళకి ముక్కు పెట్టేదాన్ని పడవే అంటారు. ఇప్పుడే గదా అన్నాను."

"అయితే ఇంకొకటి చెప్తా విను. మీ పడవల్లో నా సొమ్ము ఒక్క మేకు లేదు. అన్నీ మీ నాయనవి, మీ తాతవి. ఇందులో నా కమ్మలుండాయి! ఇది నా పడవ. నా పడవ ఎక్కేదానికి నిన్ను అడిగేదేంది?"

ఆడవాళ్ళలో ఒకరు కిసుక్కుమన్నారు. మగవాళ్ళు మోకులు చూసుకుంటా తలొంచుకున్నారు. ముత్యాలయ్య మొహం కందగడ్డ అయింది. కానీ ఆ కోపం కింద ఆయన కళ్ళు పాళెం వైపే చూస్తుండాయి. ఇల్లు కాలిపోయినాక ఆచారం ఎక్కడ పెట్టుకుంటాడు?

"గంగమ్మకి నేనే జవాబు చెప్పుకుంటా" అంది మస్తానమ్మ మెత్తగా. "నువ్వు మోకు పట్టుకో పో."

ఆయన సరే అనలేదు. మోకు పట్టుకున్నాడు. మా పాళెంలో దాన్నే సరే అంటారు.

మంచాలు తెచ్చి రెక్క కింద ఒకదాని మీద ఒకటి వేసినారు. ఎండకి రెక్క పెనంలా కాలతా ఉంటే, పాత చీరలు నీళ్ళలో ముంచి పరిచినారు. మస్తానమ్మ ముందు ఎక్కింది. ఎక్కి, అటూ ఇటూ సర్దుకోని, నేతి గిన్నె ముందు కూర్చున్న అత్తగారిలాగా కూర్చుంది. ఆమె వెనక కోడలు పిచ్చమ్మ, తర్వాత వరసగా అందరూ. నేను కూడా కొంగు దోపుకోని మంచం ఎక్కినాను.

"టీచరమ్మా, నువ్వెక్కినా ఎక్కకపోయినా ఒకటేలే" అంది మస్తానమ్మ. "కొంగకుండే కండ కూడా లేదు నీకు. రా, రా, చదువు బరువన్నా పనికొస్తుందేమో."

కింద నా తమ్ముడు కాలి పక్కన బోర్లా పడుకోని, స్విచ్చి మీద కన్ను పెట్టినాడు. "పెద్దమ్మా, నేను చెప్పిందాకా ఒక్కరు కూడా దిగొద్దు. తుమ్మొచ్చినా దిగొద్దు!"

"తుమ్ము వస్తే ఇంకా గట్టిగా కూర్చుంటాం నాయనా, నువ్వు నీ పని చూసుకో."

ముత్యాలయ్య "హైలెస్సా" అని ఎత్తుకున్నాడు. మగవాళ్ళు అందుకున్నారు. మోకులు బిగిసినాయి. తోక కదల్లేదు. రెండోసారి కదల్లేదు. మూడోసారి ఉప్పు పొర పటపటమని పగిలి, విమానం ఒళ్ళంతా మూలిగి, కుడికి ఒరిగింది. మా రెక్క పైకి లేచింది.

"బరువు! బరువు!" అని అరిచినాడు తమ్ముడు.

"రెక్క కొనకి జరగండే!" అని అరిచింది మస్తానమ్మ. మేమంతా కూర్చున్నవాళ్ళం కూర్చున్నట్టే కొనకి దేకినాం. పిచ్చమ్మ నా నడుం పట్టుకుంది, నేను మస్తానమ్మ జబ్బ పట్టుకున్నాను. రెక్క మెల్లిగా దిగింది.

"కుంగింది! బాగా కుంగింది! లాగండి పెదనాయనా!"

హైలెస్సా. పాళెం మా కళ్ళ ముందరనుంచి పక్కకి జరగడం మొదలుపెట్టింది. ముందు బడి పోయింది. తర్వాత ఎండు చేపల పందిళ్ళు పోయినాయి. ముత్యాలయ్య ఇల్లు చిట్టచివర పోయింది. ముక్కు ముందర ఇంక తాటాకు లేదు, ఒట్టి ఉప్పు నేల, దాని అవతల తళతళలాడే నీళ్ళు.

ఏమని చెప్పేది! మగవాళ్ళు మోకులు వదిలి గంతులేసినారు. రెక్క మీద ఆడవాళ్ళు ఈలలు వేసినారు, వీళ్ళకి ఈలలు వచ్చని నాకు ఆ పొద్దే తెలిసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగినాయి. కింద బురదలో పొర్లాడతా ఉండేది నా తమ్ముడు, రెక్క మీద నా పక్కన కూర్చున్నది నా పాళెం. గర్వం పొంగితే దాచుకునేంత పెద్దమనిషిని నేను కాదు. "మా ఆనందుగాడు!" అని గట్టిగానే అరిచినాను. ముత్యాలయ్య చేతులు దులుపుకుంటా, "చూసినారా, ముక్కు నీళ్ళకి పెడితే పీడ పోతుందని చెప్పలా?" అన్నాడు. ఆయన ఛాతీ వెడల్పు ఆ పూట ఒక మూర పెరిగుంటుంది.

"ఎవురూ దిగొద్దు" అన్నాడు తమ్ముడు మళ్ళా. "ఇప్పుడే అసలు పని." చీల పళ్ళ మధ్య కరుచుకోని, చెయ్యి భుజం దాకా బురదలోకి దించినాడు. చెంప బురదకి ఆనించి, కళ్ళు మూసుకోని తడుముకుంటుండాడు. అప్పుడే పోటు నీళ్ళు మొదటి నాలుక ఉప్పు నేల మీద చాపినాయి. వేలెడు లోతు లేవు, చప్పుడు కూడా లేవు, వచ్చి వాడి మోచేతిని తాకినాయి.

రెక్క మీద అందరికంటే ఎత్తులో కూర్చున్నది మస్తానమ్మ. ఆమె నవ్వతా నవ్వతా ఆగిపోయింది.

"టీచరమ్మా" అంది. "నీళ్ళ మీద అదేంది?"

నేను చెయ్యి అడ్డం పెట్టుకోని చూసినాను. తెరచాప. దూరంగా, ముక్కుకి సరిగ్గా ఎదురుగా. చాపకి మధ్యలో ఒక ఎర్ర అతుకు. ఆ అతుకు మస్తానమ్మ పాత పెండ్లిచీరది. పెంచలయ్య పడవకి తప్ప ఇంకెవరి పడవకీ అది లేదు. పెంచలయ్య అంటే ముత్యాలయ్యా మస్తానమ్మల ఒక్కగానొక్క కొడుకు, నా నడుం పట్టుకోని కూర్చున్న పిచ్చమ్మకి మొగుడు.

వేటకి పోయినవాళ్ళు పోటు నీళ్ళతోనే ఇంటికి తిరిగొస్తారు. తాతలనాటి నుంచీ అంతే. ఎండాకాలం సరస్సులో పడవ నడవాలంటే పోటు రావాల. ఈ సంగతి పాళెంలో తెలియనివాళ్ళు లేరు, అందరికంటే బాగా తెలిసినవాడు ముత్యాలయ్య. నీళ్ళకి ముక్కు పెట్టినాం, పీడ పోయింది అనుకున్నారు గాని, నీళ్ళ మీద మనవాళ్ళే వస్తారని ఒక్కరికీ తట్టలేదు. నీళ్ళు ఎప్పుడూ మంచి దిక్కే వాళ్ళకి. మంచి దిక్కుని ఎవరు అనుమానిస్తారు?

"ఓర్నాయనో! పెంచలయ్యా!" అని ముత్యాలయ్య పక్కగా నీళ్ళలోకి పరిగెత్తినాడు. నడుం లోతు దాకా పోయి, తలగుడ్డ లాగి, రెండు చేతులా ఊపినాడు. అరిచినాడు. గాలి నీళ్ళ మీంచి మా వైపు కొడతా ఉంది, ఆయన అరుపు ఆయన మొహానే కొట్టింది. పడవ కాస్త తలతిప్పింది. తిప్పి, ఇంకా సూటిగా, ఇంకా ఆశగా మా వైపు పట్టింది.

ఊపేది తలగుడ్డ. నేరుగా నా దగ్గరికి రా.

ముత్యాలయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. తలగుడ్డ నీళ్ళలో పడిపోయింది.

మళ్ళా తిప్పుదామంటే తమ్ముడి చెయ్యి భుజం దాకా కాలి పక్కన ఉంది. తిప్పితే చెయ్యి నలిగిపోతుంది. బయటికి లాగితే అందీ అందని బెజ్జం మళ్ళా పోతుంది. పిచ్చమ్మ నా నడుం వదిలేసింది. గబుక్కున రెక్క అంచుకి జారింది, దూకబోయింది. మస్తానమ్మ ఆమె జడ పట్టుకోని వెనక్కి లాగింది.

"వదులు అత్తా! నీళ్ళకడ్డం పోయి ఆపుతా! నీ కొడుకు కాదా?"

"నా కొడుకే" అంది మస్తానమ్మ. "అందుకే కూర్చోమంటుండా. నీ మొగుడికి ఇప్పుడు నీ పరుగు అక్కర్లేదు, నీ బరువు కావాల. కూర్చో."

పిచ్చమ్మ కూర్చుంది. వెక్కి వెక్కి ఏడుస్తా కూర్చుంది. మస్తానమ్మ ఏడవలేదు. కొడుకు తెరచాప వైపు చూస్తా, రెక్కకి అతుక్కుపోయినట్టు కూర్చుంది. ఆ మనిషి పక్కన నా ఎముకల గూడు కూడా బరువెక్కినట్టనిపించింది నాకు.

"అక్కా!" కింద నుంచి తమ్ముడి గొంతు. పళ్ళ మధ్య చీలతో మాట ముద్దగా వచ్చింది. "నీళ్ళకి బురద వదులవతా ఉంది! చక్రం దిగతా ఉంది, కాలు సాగతా ఉంది! బెజ్జం వేలికి తగిలింది గాని ఇంకా లోపలికి... బరువు చాలదు! ఇంకొక మనిషి కావాల! ఎవురన్నా ఎక్కండి!"

మగవాళ్ళు మళ్ళా మోకులందుకోని, ఒరుగుతుండే తోకని పట్టి నిలబెట్టి ఉండారు. వాళ్ళలో ఒక్కడు వదిలినా విమానం తిరుగుతుంది. ఆడవాళ్ళందరం రెక్క మీదే ఉండాం. చేతులు ఖాళీగా ఉన్న మనిషి ఒక్కడే. నడుం లోతు నీళ్ళలో, కొడుకు తెరచాపకీ మాకూ మధ్య, బోడి తలతో నిలబడి ఉండాడు.

"ఏందయ్యా!" అని పిలిచింది మస్తానమ్మ.

ముత్యాలయ్య వెనక్కి తిరిగి చూసినాడు. మళ్ళా నీళ్ళ వైపు చూసినాడు. పడవలో చుక్కాని పట్టిన మనిషి తల కనపడతా ఉంది అప్పటికి. పిలిస్తే వినపడే దూరం కాదు. పిలవకుండా ఉండగలిగే దూరం కూడా కాదు.

ఆయన కొడుక్కి వీపు తిప్పినాడు. నీళ్ళు తన్నుకుంటా విమానం దగ్గరికి వచ్చినాడు. వెనకబడిపోయిన మంచం ఒకటి రెక్క కిందికి ఈడ్చుకోని, దాని మీద ఒక కాలు పెట్టినాడు. పెద్ద వయసు, తడిసిన పంచ, రెక్క ఎత్తు. ఎక్కలేకపోయినాడు.

మస్తానమ్మ కూర్చున్న చోటునుంచి కదలకుండా, వంగి, చెయ్యి కిందికి చాపింది.

"రా" అంది. "నా పడవ. నేను ఎక్కిస్తా."

ముత్యాలయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.